వెనక సైట్ ఎక్కడుంది?

విజయవాడ నుంచి వచ్చిన ఇద్దరు ఆర్చర్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. వెన్నం జ్యోతి సురేఖ చేతిలో కాంపౌండ్ విల్లు, బొమ్మదేవర ధీరజ్ చేతిలో రికర్వ్. రెండిటికీ ముందువైపు ఒక కడ్డీ పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొసన గుండ్రటి చట్రం. రెండింటినీ మనం సైట్ అనే అంటాం. ఒకే పేరు ఉండేసరికి ఒకే పని చేస్తాయనుకుంటాం. నా లెక్కలో కాంపౌండ్ సైట్ పూర్తి పరికరం, రికర్వ్ సైట్ సగం పరికరం. ఆ మిగతా సగం ఆర్చర్ ముఖం మీద ఉంటుంది. రికర్వ్ సైట్ బిగించడం నేర్పేవాళ్లలో చాలామంది మొదటి సగం చెప్పి చేతులు దులుపుకుంటారని నా ఫిర్యాదు.

తుపాకీని తలుచుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గొట్టం కొసన ముందు సైట్, కంటి దగ్గర వెనక సైట్, రెండూ ఒక వరసలోకి వస్తేనే గురి. కాంపౌండ్ విల్లులో ఆ వెనక సైట్ పేరు పీప్. నారి పోగుల మధ్య ఇరికించి దారంతో కట్టిన చిన్న కన్నం అది. ముందున్న స్కోప్‌లో దూరాన్ని దగ్గర చేసే అద్దం ఉంటుంది, కింద తాపీమేస్త్రి రసమట్టంలా నీటి బుడగ ఉంటుంది. రికర్వ్‌కు ఇవేవీ లేవు. ప్రపంచ ఆర్చరీ నిబంధనలు దానికి పీప్ వద్దన్నాయి, అద్దం వద్దన్నాయి, బుడగ వద్దన్నాయి. గురిపెట్టే బిందువు ఒక్కటే ఉండాలన్నాయి. మరి వెనక సైట్ ఏది? గడ్డం కింద ఆనిన చెయ్యి, ముక్కునూ గడ్డాన్నీ తాకే నారి, కంటి ముందు మసగ్గా కనిపించే ఆ నారి గీత. ఇంతే.

బిగింపు సంగతికొస్తే, రికర్వ్ విల్లు నడిమి పిడి భాగమైన రైజర్ పక్కన రెండు మరల మీద ఒక దిమ్మ కూర్చుంటుంది. అందులోకి కార్బన్ కడ్డీ వెళ్తుంది. కడ్డీ కొసన కొలత గీతలున్న నిలువు పట్టీ, పట్టీ మీద పైకీ కిందకీ జరిగే బ్లాకు, బ్లాకును పక్కలకు జరిపే మర, దాని చివర పిన్ను. జపాన్ షిబుయా అయినా అమెరికా యాక్సెల్ అయినా కూర్పు ఇదే. బిగించడం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కుదర్చడానికే రోజులు పడతాయి.

సైట్‌ను ముట్టుకునే ముందు విల్లును స్టాండు మీద పెట్టి, వెనక నిలబడి, ఒంటికన్నుతో చూడాలి. నారి వంగే పై లింబునూ కింది లింబునూ సరిగ్గా నడిమికి చీల్చాలి. అదే చూపులో బాణం మొన, కుడిచేతి ఆర్చర్‌కైతే, నారికి పిసరంత ఎడమగా కనిపించాలి. అలా లేకపోతే బాణం పక్కన ఆనే ప్లంజర్‌ను లోపలికో బయటికో తిప్పి కుదర్చాలి. ఆ తర్వాతే పిన్ను. ప్రస్తుతానికి అది బాణం మీదుగా నిలబడితే చాలు.

ఇక్కడ అందరూ దాటేసే పరీక్ష ఒకటుంది. బ్లాకును పట్టీ పైకొస నుంచి కిందికొస దాకా మెల్లగా జార్చి చూడండి. నారి అంచుకూ పిన్నుకూ మధ్య ఎడం ఎక్కడా మారకూడదు. మారిందంటే పట్టీ వాలి ఉందన్నమాట. 18 మీటర్ల దగ్గర కుదిర్చిన కుడిఎడమలు, 70 మీటర్ల కోసం బ్లాకును దించేసరికి చెడిపోతాయి. అప్పుడు ఆర్చర్ గాలిని తిడతాడు, లేదంటే బాగున్న ప్లంజర్‌ను తిప్పి పాడుచేస్తాడు. తప్పు మాత్రం పట్టీని పట్టుకున్న మర దగ్గర ఉంటుంది.

కాంపౌండ్‌లో ఇదే పని ఇంకా ఎక్కువ ఉంటుంది గానీ ఎక్కువ భాగం ఆర్చర్ లేకుండానే నడిచిపోతుంది. విల్లును క్లాంపులో నిలువుగా బిగించి, పట్టీ నిలువు చూసి, బుడగ దానికి అడ్డంగా సరిపోయిందో లేదో చూసి, విల్లును ఎత్తుకూ పల్లానికీ వంచినప్పుడు కూడా బుడగ అబద్ధం చెప్పకుండా మూడో కోణాన్నీ సరిచేస్తారు. మెకానిక్ షెడ్డులో జరిగే పని. మనిషి తప్పనిసరయ్యేది పీప్ ఎత్తు దగ్గర. ఆర్చర్ కళ్లు మూసుకుని నారి పూర్తిగా లాగి, అలవాటైన చోట ఆన్చి, అప్పుడు కళ్లు తెరుస్తాడు. తల ఎత్తకుండా దించకుండా పీప్ గుండా స్కోప్ కనిపించాలి. పీప్ గుండ్రమూ స్కోప్ గుండ్రమూ ఒకదానిలో ఒకటి సమంగా ఇమిడితే కట్టేస్తారు. ఆ ముడి పడ్డాక కన్ను ఎక్కడుండాలో నారే చెబుతుంది.

తేడా అసలు బరువు లెక్కల్లో తెలుస్తుంది. రికర్వ్ ఆర్చర్ కంటికీ పిన్నుకూ మధ్య సుమారు 90 సెంటీమీటర్లు. లక్ష్యం 70 మీటర్లు. పిన్ను ఒక్క మిల్లీమీటరు జరిగితే బాణం దాదాపు 8 సెంటీమీటర్లు జరుగుతుంది. 122 సెంటీమీటర్ల లక్ష్యంలో ఒక్కో వలయం వెడల్పు 6.1 సెంటీమీటర్లే. అందుకే సైట్ కంపెనీలు క్లిక్ క్లిక్‌మనే సన్నటి మరలు చేస్తాయి, మనం డబ్బులు పోసి కొంటాం. మంచిదే. కానీ ఇదే లెక్క వెనక కూడా వేయాలి. బాణం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు అనుకుంటే, గడ్డం కింద చెయ్యి ఒక్క మిల్లీమీటరు దిగినా బాణం 70 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు పైకి పోతుంది. నడిమధ్య పడాల్సింది తొమ్మిదిలో పడుతుంది. పళ్లు కరిచి లాగినప్పుడూ, అలసిపోయి దవడ వదిలేసినప్పుడూ ఆ మిల్లీమీటరు ఎంత సులువుగా వచ్చిపోతుందో వేలు పెట్టి చూసుకోవచ్చు. దానికి క్లిక్కులు లేవు, గీతలు లేవు.

కాంపౌండ్‌లో ఆ మిల్లీమీటరుకు అంత చోటు దొరకదు. బాణం తగిలించే నాక్ పాయింటూ పీపూ ఒకే నారి మీద ఉన్నాయి. ముఖం ఎలా ఉన్నా వాటి మధ్య ఎడం మారదు. ముఖం తప్పితే గుండ్రాలు కలవవు, తప్పు బాణం వదలకముందే కంటికి కనిపిస్తుంది. రికర్వ్ మాత్రం బాణం పడ్డాకే చెబుతుంది.

పారిస్ ఒలింపిక్స్ 2024 పురుషుల ఫైనల్ ఈ లెక్కను ఒక చివరకు తీసుకెళ్లింది. కిమ్ వూజిన్, బ్రేడీ ఎలిసన్ సమానంగా నిలిచారు. షూటాఫ్‌లో ఇద్దరూ పది కొట్టారు. కిమ్ బాణం కేంద్రానికి 4.9 మిల్లీమీటర్లు దగ్గర. పైన చెప్పిన నిష్పత్తిలో వెనక్కి లెక్కిస్తే, దవడ దగ్గర అది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. వెంట్రుక మందం అంతే ఉంటుంది. అదే పోటీల్లో ధీరజ్ కూడా కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్‌తో షూటాఫ్‌లో పది కొట్టి, ప్రత్యర్థి పది కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉండటంతో ఓడిపోయాడు. ఆ స్థాయిలో సైట్ ఇంత బాగా కుదిరింది, అంత బాగా కుదరలేదు అని మాట్లాడటం నాకు హాస్యంగా ఉంటుంది.

మళ్లీ నేల మీదికి వస్తే, సైట్‌ను లక్ష్యానికి కుదర్చడంలో మూలసూత్రం రెండు విళ్లకూ ఒకటే: బాణం ఎటు పోతే పిన్నును అటే జరపాలి. కొత్తవాళ్లు తిరగేసి చేస్తారు. బాణం ఎడమకు పోతే పిన్నును ఎడమకు జరపాలి, అప్పుడు దాన్ని లక్ష్యం నడిమి పసుపు మీదికి తేవడానికి విల్లే కుడికి వస్తుంది. బాణం కిందపడితే పిన్నును దించాలి, విల్లు లేస్తుంది. దగ్గర్నుంచి మొదలుపెట్టి, బాణాల గుంపు కుదిరాక వెనక్కి జరుగుతూ, ఒక్కో దూరానికీ పట్టీ మీద ఒక గీత గీసుకుంటారు. దూరం పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది. బలం తక్కువ విల్లు పట్టిన పిల్లలకు 70 మీటర్లకు వచ్చేసరికి పట్టీయే చాలకపోవచ్చు. అప్పుడు కడ్డీని లోపలికి జరపాలి. దాంతో గీత దొరుకుతుంది గానీ పిన్ను కంటికి దగ్గరై, ఒక్కో మిల్లీమీటరు తప్పూ ఇంకా పెద్దదవుతుంది. దూరం అందుకోవాలంటే కచ్చితత్వంలో కొంత వదులుకోవాలి.

ఒక్క బాణాన్ని చూసి మర తిప్పకూడదని రెండు శిబిరాలూ చెబుతాయి. గుంపును చదివే తీరులోనే విడిపోతాయి. కాంపౌండ్ కోచ్ పక్కలకు పోయిన గుంపును చూసి ముందు బుడగనూ పిడి పట్టునూ అడుగుతాడు. రికర్వ్‌లో గుంపు నిలువుగా సాగిందంటే నేను ముందు దవడనే అనుమానిస్తాను, తర్వాత బాణం పూర్తిగా లాగగానే చప్పుడు చేసే క్లిక్కర్‌ను. పక్కలకు సాగితే నారి గీతను అడగాలి. కొందరు ఆ మసక గీతను పిన్ను అంచుకు ఆనిస్తారు, కొందరు రైజర్ లోపలి అంచుకు. ఎక్కడ ఆనించారన్నది పెద్ద విషయం కాదు, ప్రతి బాణానికీ అక్కడే ఆనించారా లేదా అన్నదే విషయం. ఆ గీత సంగతి పట్టించుకోకుండా పక్కల మర తిప్పుతూ కూర్చున్న ఆర్చర్‌కు ఎంత ఖరీదైన సైట్ ఇచ్చినా దండగే.

కంటి సంగతి ఇంకా విచిత్రం. మనవాళ్లు విలువిద్య అనగానే అర్జునుడికి పక్షి కన్ను ఒక్కటే కనిపించిందన్న కథ ఎత్తుకుంటారు. అర్జునుడి చూపు కాంపౌండ్‌కు బాగా నప్పుతుంది, అక్కడ అద్దం పెట్టి మరీ కేంద్రాన్ని దగ్గర చేస్తారు. రికర్వ్‌కు వచ్చేసరికి దక్షిణ కొరియాకు చెందిన ఇమ్ డాంగ్‌హ్యున్ ఆ కథను తిరగరాశాడు. అతని ఎడమ కంటి చూపు 20/200. కళ్లద్దాలు పెట్టుకోకుండానే లండన్ 2012 ర్యాంకింగ్ రౌండులో 72 బాణాలకు 699 పాయింట్లు కొట్టి అప్పటి ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు. పసుపు మరకను గుండ్రంలో పెట్టడానికి ఆ చూపు చాలింది. మిగతాది ఒళ్లే చూసుకుంది. పది వలయం స్పష్టంగా కనిపించాలని సన్నటి చుక్క ఉన్న పిన్ను వెతికే కుర్రాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సన్నటి చుక్క దొరికితే కన్ను దాని వెంటపడుతుంది, లాగుడు ఆగిపోతుంది, క్లిక్కర్ పడదు. నా ఓటు వెడల్పాటి ఖాళీ రింగుకే.

రికర్వ్ ఆర్చర్‌కు గురి మీద నిదానించే వీలు లేకపోవడానికి కారణం బరువు. రికర్వ్‌లో పూర్తిగా లాగాక 45 పౌండ్లో 50 పౌండ్లో మొత్తం వేళ్ల మీదే ఉంటుంది. కాంపౌండ్‌లో చక్రాలు తిరిగి బరువులో చాలా భాగాన్ని అవే మోస్తాయి. బాణానికి 20 సెకన్లన్న నియమం ఇద్దరికీ ఒకటే అయినా, కాంపౌండ్ ఆర్చర్ ఆ సెకన్లను గురి మీద ఖర్చు పెట్టగలదు, రికర్వ్ ఆర్చర్ వాటిని లాగుడు మీద ఖర్చు పెట్టక తప్పదు.

ఇంతా చదివి కాంపౌండ్ సులువనుకుంటే పొరపాటు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ స్వర్ణాలు ఐదూ మనకే వచ్చాయి, అందులో మూడింట్లో సురేఖ చెయ్యి ఉంది. రికర్వ్‌లో పురుషుల జట్టుకు రజతం, మహిళల జట్టుకు కాంస్యం. ఇది చూసి పరికరం గెలిపించిందనే మాట మన దగ్గర తరచూ వినబడుతుంది. అదే పరికరం ప్రత్యర్థి దగ్గరా ఉందన్న చిన్న సంగతి మరిచిపోతారు. 50 మీటర్ల దగ్గర 8 సెంటీమీటర్ల పదిలో అందరూ వరసగా కొడుతుంటే ఒక్క తొమ్మిదితో మ్యాచ్ పోతుంది. పూర్తి సైట్ ఉన్న ఆటలో సాకులు ఉండవు.

రికర్వ్‌కు కూడా పీప్ ఇచ్చేస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. ఇస్తే గుంపులు బిగుస్తాయి, సందేహం లేదు. నాకు మాత్రం ఇష్టం లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా ఒలింపిక్స్‌లోకి వస్తోంది. ఒకే క్రీడలో రెండు విభాగాలున్నప్పుడు రెండూ వేర్వేరు ప్రశ్నలు అడగాలి. ముఖాన్ని కొలపరికరంగా మార్చుకోగలవా అన్నది రికర్వ్ ప్రశ్న. పీప్ పెడితే ఆ ప్రశ్న పోతుంది.

నమ్మకం లేనివాళ్లు ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఒకే ఎత్తున్న ఇద్దరు ఆర్చర్లు విళ్లు మార్చుకుని చూడాలి. కాంపౌండ్ అయితే పీప్ గుండా చూసి వదిలిన రెండోవాడి బాణం ఎత్తులో మొదటివాడి గీతకు దగ్గర్లోనే పడుతుంది. రికర్వ్ అయితే రెండోవాడి దవడ వేరు, ముక్కు వేరు, గడ్డం కింద చెయ్యి ఆనే చోటు వేరు, కాబట్టి గీత కూడా వేరు. ఒకే రికర్వ్ విల్లును ముగ్గురు పిల్లలు పంచుకునే శిక్షణ కేంద్రాల్లో సైట్ పట్టీ పక్కన ముగ్గురికీ మూడు టేపులు అతికించాలి, ఒక్కోదాని మీద పేరు రాసి, దవడ ఎదిగే వయసు కాబట్టి కొన్ని నెలలకోసారి పీకేసి కొత్తవి వేయాలి.