ఇద్దరికీ అందాల్సిన మందు

మూత్రనాళం నుంచి చీము, జననాంగాల మీద పుండు, గజ్జల్లో బిళ్లలు, పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట. సుఖవ్యాధులతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారు చెప్పుకునే బాధలు దాదాపు ఇవే. కారణం ఏ క్రిమో తేల్చే ల్యాబ్ అన్ని కేంద్రాల్లో ఉండదు. రిపోర్టు వచ్చాక రమ్మంటే చాలామంది సిగ్గుపడి మళ్లీ రారు. అందుకే లక్షణాలను బట్టి, వాటికి కారణమయ్యే ముఖ్యమైన క్రిములన్నిటికీ వచ్చిన రోజే మందు ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించింది.

మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దీన్ని ఏడు రంగుల కిట్లుగా అమర్చింది. చీము పడుతుంటే బూడిదరంగు కిట్: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, ఒకేసారి మింగాలి. గనేరియా, క్లమీడియా తరచూ కలిసే ఉంటాయి, చూపుతో వేరుచేయలేం. అందుకే రెండు మందులు. హెర్పిస్ కాని పుండుకు తెల్ల కిట్. అందులో అజిత్రోమైసిన్‌తో పాటు 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఉంటుంది. రియాక్షన్ భయంతో ఈ ఇంజెక్షన్‌కు వెనకాడటం తప్పు. ప్రాణాంతకమైన రియాక్షన్ చాలా అరుదు. ఎలర్జీ ఉందేమో అడిగి, అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని ఇవ్వాలి. సిఫిలిస్ సోకిన గర్భిణికి ఇది అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు.

ఈ పద్ధతి బాగా తడబడేది తెల్లబట్ట దగ్గరే. దానికి కారణం ఎక్కువసార్లు యోనిలో సహజంగా ఉండే క్రిముల సమతుల్యత చెదరడమో, క్యాండిడా అనే శిలీంధ్రమో. అది సుఖవ్యాధి అని తొందరపడి అనేస్తే ఆ మాట కాపురాన్ని కూల్చగలదు. మరోవైపు, క్లమీడియా సోకిన స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. లక్షణం లేనిచోట కిట్టూ లేదు. గర్భిణులకు తొలి చెకప్‌లోనే సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయాలనడం ఇందుకే.

మందు ఇవ్వడం సులువైన పని, కానీ అది ఒక్కటే చాలదు. భర్త ఒక్కడే మాత్రలు మింగి వెళ్తే, ఇంట్లో భార్య దగ్గరి నుంచి అదే జబ్బు మళ్లీ అంటుకుంటుంది. భాగస్వామిని పిలిపించడం, ఇద్దరికీ వైద్యం పూర్తయ్యేదాకా కలయిక వద్దని చెప్పడం, కండోమ్ వాడకం చూపించడం, హెచ్‌ఐవీ పరీక్షకు ఒప్పించడం: వీటికి తలుపు మూసిన గది, తీర్పు చెప్పని గొంతు కావాలి. ఓపీ రద్దీలో, పదిమంది వింటుండగా ఎవరూ నిజం చెప్పరు. భాగస్వామికి మందు అందేదాకా ఆ కేసు నయమైందని రిజిస్టర్‌లో రాయకూడదు.