ఎవరి మాట నమ్మాలి?

“ఫిలాసఫీ చదివి ఏం చేస్తుంది సార్, కాషాయం కట్టుకుంటుందా?”

ఈ వారం మన వాషర్‌మెన్‌పేట్ ఎం.సి. రోడ్డులో ఒక జౌళి దుకాణంలో ఓ పెద్దాయన నన్ను అడిగిన మాట ఇది. ఆయన మనవరాలు డిగ్రీ ముగించింది. ఎం.ఎ. తత్వశాస్త్రంలో చేరి, ప్రమాణశాస్త్రం, అంటే ఏదైనా మనకు ఎలా తెలుస్తుందో విచారించే శాస్త్రం మీద పరిశోధన చేసి, ఎప్పటికైనా కాలేజీలో పాఠం చెప్పాలని ఆ పిల్ల కోరిక. ఇంట్లోవాళ్లు బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు ఫీజు కట్టేశారు. పెద్దాయన చెడ్డవాడు కాదు. పిల్ల బతుకు ఏమవుతుందోనన్న బెంగతోనే అన్నాడు. అయినా నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

వాషర్‌మెన్‌పేట్‌లో నిలబడి ఈ ప్రశ్న అడిగేవాళ్లకు చేతికందే జవాబు ఒకటుంది. ఇక్కడికి దగ్గర్లోనే, జార్జిటౌన్‌లో, ఒకప్పుడు మద్రాసు క్రైస్తవ కళాశాల ఉండేది. 1937లో తాంబరానికి తరలిపోయింది. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ ఫిలాసఫీలో చేరింది ఏరికోరి కాదు. చదువు ముగించిన బంధువు ఒకాయన తన పాఠ్యపుస్తకాలు ఇచ్చేశాడు. వేరేవి కొనుక్కునే స్తోమతు లేదు. ఆ పుస్తకాలు ఫిలాసఫీవి. 1908లో, ఇరవై ఏళ్ల వయసులో, వేదాంతంలోని నీతిశాస్త్రం మీద ఎం.ఎ. వ్యాసం రాశారు. మరుసటి ఏడు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం. ఆ తర్వాత మైసూరు, కలకత్తా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవి, 1936లో ఆక్స్‌ఫర్డ్, చివరికి రాష్ట్రపతి భవనం.

పెద్దాయనకు అదే చెప్పాను. “ఆయన మహానుభావుడు సార్, కోటికొక్కడు” అన్నాడు. ఆ మాట నిజమే. పైగా రాష్ట్రపతి పదవిని చూపించి ఒక చదువును వెనకేసుకురావడం ఆ చదువుకే అన్యాయం. పదవి రాకపోతే చదువు వృథా అని ఒప్పుకున్నట్టే కదా! ఆ శాస్త్రం చెప్పే పంతులు రోజూ చేసే పని ఏమిటో, దానివల్ల మనకేం ఒరుగుతుందో చెప్పగలగాలి. అందుకు కొత్త సచ్చిదానందమూర్తి గారి జీవితం చూడాలి.

మూర్తి గారు 1924లో గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే ఆచార్యులయ్యారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, 1986 నుంచి 1989 దాకా యూజీసీ ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2011లో కన్నుమూశారు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది 1959లో వాల్తేరులో అచ్చయి, రెండేళ్లకు అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ముద్రణగానూ వెలువడిన ఆయన పుస్తకం గురించి. పేరు ‘రివిలేషన్ అండ్ రీజన్ ఇన్ అద్వైత వేదాంత’.

దాని నడుమ ఉన్నది నికరమైన ప్రమాణశాస్త్ర ప్రశ్న. శంకరుల మతంలో బ్రహ్మం కంటికి కనబడదు, అనుమానానికి, అంటే గుర్తును బట్టి ఊహించి తేల్చే తర్కానికి, చిక్కదు. శ్రుతి ఒక్కటే దానికి ప్రమాణం. మరి అప్పుడు యుక్తికి ఏం పని? శ్రుతి చెప్పినదానికి దారి సాఫు చేయడం వరకేనా, లేక తన కాళ్ల మీద తాను నిలబడి ఏమైనా రుజువు చేయగలదా? మూర్తి గారు ఈ ప్రశ్నకు భక్తితో తలవంచలేదు, కొట్టిపారేయనూ లేదు. పూర్వపక్షం వారిని పూర్తిగా మాట్లాడనిచ్చారు. తాను ఒప్పుకోలేని చోట ఆగి, ఎందుకు ఒప్పుకోలేరో రాశారు. ఇంతకన్నా గొప్ప పని ఒక ప్రొఫెసర్ చేయగలడని నేననుకోను. ఆయనే నాగార్జునుడి మీద రాశారు, చైనా జపాను తత్వాల మీద రాశారు, భారత విదేశాంగ విధానం మీద కూడా రాశారు. ఏది రాసినా ‘ఈ మాటకు ఆధారమేమిటి?’ అన్న చూపు ఒకటే.

ఆ చూపు మనకు కొత్తది కాదు. మన పాఠకులకు శ్రీహర్షుడు తెలుసు. శ్రీనాథుడు తెనిగించిన నైషధం ఆయనదే. నలదమయంతుల కథ అంత రసవత్తరంగా చెప్పిన ఆ కవే ‘ఖండనఖండఖాద్యం’ అనే భయంకరమైన తర్కగ్రంథం రాశాడని చాలామందికి గుర్తుండదు. అందులో ఒక ఉదాహరణ. ఒకడు గుప్పిట్లో గవ్వలు మూసి, ఎన్ని ఉన్నాయో చెప్పమంటాడు. ఎదుటివాడు నోటికొచ్చినట్టు ‘ఐదు’ అంటాడు. తెరిచి చూస్తే నిజంగా ఐదే. వాడు చెప్పింది నిజమే, కాని వాడికి తెలుసు అనగలమా? పన్నెండో శతాబ్దంలో ఆయన వేసిన ప్రశ్న ఇది. 1963లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ గెటియర్ అనే అధ్యాపకుడు మూడే మూడు పేజీల వ్యాసంలో దీనికి దగ్గరి ప్రశ్నే వేశాడు. నిజమైన నమ్మకం, దానికి తగిన కారణం, రెండూ ఉన్నా అది జ్ఞానం కాకపోవచ్చని చూపించాడు. పడమటి దేశాల జ్ఞానమీమాంస అంతా ఆ మూడు పేజీలతో మళ్లీ మొదలైంది. ఆ తర్వాత ఆయన దాదాపు ఏమీ అచ్చువేయలేదు. మన దగ్గర 2010 నుంచి అధ్యాపకుల వ్యాసాలకు యూజీసీ పాయింట్లు కట్టడం మొదలుపెట్టింది. ఆ లెక్కలో గెటియర్ ఎక్కడ నిలుస్తాడు? పేజీలు లెక్కపెట్టి తత్వశాస్త్ర ఆచార్యుడిని తూచడం తప్పని ఎప్పటినుంచో అంటున్నాను. ఇప్పుడూ అదే అంటాను.

‘ఎలా తెలుసు?’ అని అడగండి అని ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. ఫోన్లో వచ్చిన ప్రతి కబురునూ నమ్మేసి పదిమందికి పంపే ఈ రోజుల్లో, ప్రమాణశాస్త్రం పిల్లలకు అనుమానించడం నేర్పుతుంది, అందుకే అది కావాలి అని పెద్దాయనకు జవాబు చెప్పబోయాను. కాని ఆ సమయానికే దుకాణంలో ఒకావిడ చీర కొంగు వేళ్ల మధ్య నలిపి, నేత చూసి, చివరికి “రంగు పోదు కదా బాబూ?” అని అడిగింది. నేత చేతికి తెలుస్తుంది. రంగు సంగతి కొట్టువాడి మాట మీదే తెలియాలి. నలభై ఏళ్లుగా అక్కడే కొంటోంది కాబట్టి ఆమె నమ్మింది. అది గుడ్డినమ్మకం కాదు.

చూసిందే నమ్ముతానని భీష్మించుకున్న చార్వాకుడికి మిగిలేది ఎంత? కంపెనీ వారి బట్టలు ఉతికి చలవచేసిన కుటుంబాల వల్ల మన పేటకు ఆ పేరు వచ్చిందని, రాయపురం రైలుస్టేషను 1856లో మొదలైందని మనం చూశామా? ఎవరో చూసినవాళ్లు చెబితే, రాస్తే తెలుసుకున్నాం. మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం శబ్దప్రమాణమే, అంటే నమ్మదగినవాళ్ల మాట వల్ల తెలిసిందే. అందుకే న్యాయదర్శనం వారైన నైయాయికులు దాన్ని నాలుగో ప్రమాణంగా నిలబెట్టి, ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, ఎవడో తేల్చారు: విషయం స్వయంగా ఎరిగినవాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు తేల్చి చెప్పాడు. పుట్టుక చూడొద్దు, ఎరుక చూడు, నిజాయితీ చూడు అన్నమాట. పదిహేను వందల ఏళ్ల నాటి ఈ తీర్పును ఈనాటి మన ఇళ్లలో, వీధుల్లో అమలు చేయగలిగితే ఎన్ని గొడవలు తీరేవో!

కాబట్టి ఆ పిల్ల ఎంచుకున్న చదువు అనుమానాల చదువని నేననను. అనుమానించడం అందరికీ సులువే, ఇప్పుడు వీధికొకడు ‘అంతా అబద్ధం’ అనేవాడున్నాడు. ఎవరి మాటను, ఎంతవరకు, ఏ కారణంతో నమ్మాలో నేర్పే మనుషులే కరువు. ఆ పని నేర్చుకున్న ఒక ఆచార్యురాలు ముప్ఫై ఏళ్లు క్లాసులో నిలబడితే, ఆమె చేతి మీదుగా వెళ్లిన పిల్లలు డాక్టర్లవుతారు, విలేఖరులవుతారు, జడ్జీలవుతారు, తల్లులవుతారు. బ్యాంకులో చేరినవాళ్లకూ ఆ చదువు పనికొస్తుంది.

చెన్నై తెలుగువాళ్లకు ఒక విన్నపం. మన సభల్లో అవధానాలు, పద్యపఠనాలు జరుగుతున్నాయి, సంతోషం. నెలకొక ఆదివారం ‘తర్కసంగ్రహం’ పాఠం కూడా పెట్టుకుందాం. అన్నంభట్టు తెలుగువాడు. పిల్లలకు సులువుగా తెలియాలనే ఆ చిన్న పుస్తకం రాశాడు. సంస్కృత గ్రంథాలెన్నో తెలుగు లిపిలో అచ్చువేసిన వావిళ్లవారి ఊరు ఇది. వినేవాళ్లు ఉండరన్న దిగులు అక్కర్లేదు, కనీసం ఒక అమ్మాయి తప్పక వస్తుంది. పాఠం చెప్పగలవారు, వినాలనుకునేవారు పత్రిక చిరునామాకు ఒక ఉత్తరం రాయండి.