మల్లన్న దారిలో పాదాల విద్య

ఉగాది ముందు నల్లమల అడవిలో శ్రీశైలం నడిచే భక్తుల్ని చూస్తే మొదట ఆశ్చర్యమేస్తుంది. రాయచూరు, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చిన కన్నడిగులు భీముని కొలను దగ్గర మెట్లు నిబ్బరంగా ఎక్కుతుంటారు. ఆత్మకూరు దాకా బస్సులో వచ్చి, వెంకటాపురంలో నడక మొదలుపెట్టినవాళ్ళు అవే మెట్ల మీద కూలబడతారు. భక్తి ఇద్దరిదీ ఒకటే. కష్టానికి సిద్ధం కావడానికి ఒంటికి దొరికిన రోజుల్లోనే తేడా.

మండే ఎండకు ఒళ్ళు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, దాంతోపాటు పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తేలికవుతుంది. అరికాళ్ళు గట్టిపడతాయి. దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఈ శిక్షణంతా దారిలోనే అయిపోతుంది. అడవిలో మిగిలిన సుమారు 40 కిలోమీటర్లే నడిచేవాళ్ళకు ఆ అవకాశం లేదు. అతి కష్టమైన భాగంతోనే వాళ్ళ నడక మొదలవుతుంది.

ఈ యాత్ర చాలా పాతది. శివరాత్రికి కొండకు తరలివెళ్ళే భక్తజనాన్ని పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర' పర్వత ప్రకరణంలో వర్ణించాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. భ్రమరాంబను ఇంటి ఆడబిడ్డగా తలచి కన్నడిగులు చీరె, పసుపు కుంకుమలు తెస్తారు. పుట్టింటి సారె పట్టుకుని బయల్దేరినవాళ్ళు సగం దారిలో ఆగిపోవాలని ఎలా అనుకుంటారు! నా దృష్టిలో ఈ యాత్ర బలం అదే, ప్రమాదమూ అదే.

నడకలో మొదటి శత్రువు పులి కాదు, బొబ్బ. చెమ్మ, వేడి, రాపిడి కలిస్తే చర్మం పొరలు విడిపోయి నీరు చేరుతుంది. బొబ్బ లేచాక చేసే వైద్యం కన్నా, ఆ చోట చురుక్కుమన్నప్పుడే ఆగి, కాలు తుడిచి ఆరబెట్టి, పట్టీ వేయడం మేలు. తడిసిన మేజోళ్ళు వెంటనే మార్చాలి. కొత్త చెప్పులతో ఈ దారికి రాకూడదు.

నీళ్ళ సంగతి ఇంకా సూక్ష్మం. దాహమేస్తోందని గంటల తరబడి వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మగత కమ్ముకొస్తాయి. ఉప్పేసిన మజ్జిగ, లేదా లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం దగ్గరుండాలి. ఉత్తర కర్ణాటక వాళ్ళు మూటగట్టుకొచ్చే ఎండు జొన్నరొట్టె, వేరుసెనగ పొడి రోజుల తరబడి చెడవు. బలమూ ఉప్పూ రెండూ ఇస్తాయి. తెల్లవారుజామున నడిచి, నడి మధ్యాహ్నం నీడన పడుకునే వాళ్ళ పద్ధతి కూడా అంతే తెలివైనది.

నాగలూటి వీరభద్రాలయం దాటాక ఎక్కుడు దిగుళ్ళు మొదలవుతాయి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనుక మనిషి తనంతట తానే ఆగుతాడు. దిగేటప్పుడు ఆ హెచ్చరిక ఉండదు. ఒంటి బరువునంతా ఆపుతూ తొడ కండరాలు లోలోపల దెబ్బతింటాయి, మోకాళ్ళ మీద భారం పడుతుంది. ఆ బాధ మర్నాడు గానీ బయటపడదు. చేతికర్ర ఊతంగా చిన్న చిన్న అడుగులు వేస్తూ దిగాలి. భీముని కొలను లోయలోకి దిగాక మళ్ళీ కైలాస ద్వారం దాకా నిటారుగా ఎక్కాలి కాబట్టి, దిగేటప్పుడు తొందరపడినవాళ్ళు అక్కడ చాలా అవస్థపడతారు.

అందుకే, భీముని కొలనుకు ముందే వచ్చే పెచ్చెరువు దగ్గర ప్రతి బృందమూ ఆగి ఒకరినొకరు చూసుకోవాలి. ఎవరికైనా మాట తడబడుతోందా, నడక తూలుతోందా, ఒళ్ళు కాలిపోతోందా? అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరాలి, వైద్యానికి పంపాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. అక్కణ్ణుంచి ముందుకెళ్ళాక నడవలేనివాళ్ళను సాటి భక్తులు భుజాల మీద మోయాల్సిందే. వచ్చే ఏడు మళ్ళీ వద్దామని తోటివాళ్ళు గట్టిగా చెప్పి వెనక్కి పంపాల్సిన చోటు పెచ్చెరువే.