హంతకుని గుర్తించిన పిమ్మట: రత్నావళి దండనీతిపై ఒక పరిశీలన

ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన ప్రభువుకు ఉపదేశంగా రచించాడని సంప్రదాయం చెప్పే ‘రాజపరికథా రత్నావళి’లో ఐదు పరిచ్ఛేదాలు, సుమారు 500 శ్లోకాలు ఉన్నాయి. సంస్కృత మూలం సమగ్రంగా లభించలేదు. టిబెటన్, చైనా అనువాదాలు గ్రంథాన్ని కాపాడాయి. రాజ్యపాలనను వివరించే నాలుగవ పరిచ్ఛేదంలోని దండనీతి భాగం బౌద్ధ కరుణకు నిదర్శనంగా తరచు ఉదాహరింపబడుతుంది. బలహీనులైన ఖైదీలను త్వరగా విడుదల చేయాలి. మిగిలినవారికి క్షురకర్మ, స్నానం, అన్నపానాలు, ఔషధాలు, వస్త్రాలు సమకూర్చాలి. చెడిన కొడుకును దిద్దదలచిన తండ్రివలె శిక్షించాలి. ఘోరహత్య చేసినవాడే ఎక్కువ కరుణకు పాత్రుడు. అటువంటివానిని చంపక, హింసింపక దేశం నుండి వెడలగొట్టాలి.

ఈ భాగాన్ని ధర్మశాసనంపై కరుణ సాధించిన విజయంగా చదవడం పరిపాటి. ఆ పఠనం అసత్యం కాదు, అసంపూర్ణం. బహిష్కారాన్ని విధించే శ్లోకంలోనే ఒక పూర్వనియమం ఉన్నది: హంతకులను చక్కగా పరిశీలించి, నిస్సందేహంగా గుర్తించిన పిమ్మటనే ఆ నిర్ణయం. ఆ వెంటనే, రాజు చారుల కన్నులతో దేశమంతటినీ చూడవలెనని ఆచార్యుడు చెబుతాడు. అర్థశాస్త్ర సంప్రదాయంలోని చారచక్షువును ఆయన త్యజించలేదు, కరుణకు ముందు నిలిపాడు. రత్నావళిలో కరుణ శిక్షను మారుస్తుంది కాని పరిశోధనను మాన్పించదు. కర్తవ్యానికీ దయకూ నడుమ నలిగే అపరాధ పరిశోధకుని చిత్రం మన కథాసాహిత్యానికి సుపరిచితం. నాగార్జునుని క్రమంలో ఆ రెండూ ఒకే ఘట్టంలో తలపడవు. తెలుసుకోవడం మొదటిది, దయ చూపడం తరువాతిది.

ఈ క్రమాన్ని పాటించడం ఎంత కష్టమో అండమాన్ దీవులలో జరిగిన ఒక ఉదంతం తెలుపుతుంది. 2015 నవంబరులో దక్షిణ అండమాన్‌లోని తిరూర్ ప్రాంతంలో సుమారు ఐదు నెలల జరావా శిశువు ప్రాణం కోల్పోయింది. పత్రికలలో వెలువడిన వివరాల ప్రకారం తల్లి అవివాహిత. తండ్రి బయటివాడని శిశువు మేనిఛాయను బట్టి భావించారు. అనుమానం ఒక జరావా పురుషునిపై నిలిచింది. బయటివారికి కలిగిన బిడ్డను బ్రతుకనీయని ఆచారం ఆ సమాజంలో ఉన్నదని, వారి నడుమ పనిచేసిన వైద్యుడొకరు అంతకు ముందే నమోదు చేశారు. పోలీసులు ఇద్దరు బయటివారిని అరెస్టు చేశారు. ఒకడు శిశువుకు తండ్రిగా అనుమానింపబడినవాడు, మరొకడు మద్యం ఇచ్చి పురికొల్పాడని ఆరోపణ ఎదుర్కొన్నవాడు. ఈ ఉదంతం 2016 మార్చిలో ప్రపంచానికి తెలిసేనాటికి జరావా పురుషుని ఎవరూ అరెస్టు చేయలేదు.

దర్యాప్తు అధికారి ఎదుట రెండు ధర్మాలు నిలిచాయి. అప్పటి భారత శిక్షాస్మృతికి శిశువు ప్రాణం, పెద్దవాని ప్రాణం సమానమే. మరొకవైపు 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధన, సాధ్యమైనంత తక్కువ జోక్యాన్ని కోరిన 2004 నాటి జరావా విధానం ఉన్నాయి. 2011 జనగణనలో జరావాల సంఖ్య 380 మాత్రమే. పరసంపర్కం ప్రాణాంతకమన్న భయానికి చరిత్రలో ఆధారం ఉన్నది. 1858లో ఖైదీల వలస స్థావరం ఏర్పడేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1877 నాటి తట్టువ్యాధి వంటి అంటురోగాలకు గురై నేడు కొద్ది పదులకు తగ్గారు. అరణ్యమే లోకమైనవానికి కారాగారం మరణశిక్షతో సమానం కావచ్చు. నాగార్జునుని బహిష్కార దండన సైతం ఇక్కడ పనికిరాదు, ఆ అరణ్యానికి అవతల అతనికి మరొక దేశం లేదు గనుక. కాబట్టి అరెస్టు చేయకపోవడాన్ని బౌద్ధదృష్టి తప్పుపట్టజాలదు. పరీక్షించవలసిన ప్రశ్న వేరు: శిక్షను మానినప్పుడు సత్యాన్వేషణ కూడా ఆగవలెనా?

మజ్ఝిమ నికాయంలోని అంగుళిమాల సుత్తం ఇక్కడ స్మరణీయం. ఐదు వందల ఆశ్వికులతో దొంగను పట్టుకొనడానికి బయలుదేరిన పసేనది మహారాజు, భిక్షువైన అంగుళిమాలుని చూచి, చీవరాదులు సమర్పిస్తానని చెప్పి వెనుదిరుగుతాడు. రాజదండం ఆగింది, కర్మఫలం ఆగలేదు. భిక్షకు వెళ్ళిన అంగుళిమాలునిపై మట్టిగడ్డలు, కర్రలు, పెంకులు పడతాయి. తల పగిలి నెత్తురోడుతూ వచ్చిన శిష్యుని బుద్ధుడు ఓర్చుకొమ్మంటాడు. అతడు ఏమి చేశాడో శ్రావస్తిలో ఎవరూ మరువలేదు, సుత్తమూ మరువనీయదు. వినయ పిటకంలోని మహావగ్గం మరొక అడుగు ముందుకు వేసింది. అంగుళిమాలుని చూచి జనులు భయపడి నిందించగా, పేరుమోసిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం ఏర్పడింది. ఒకనిపై చూపిన కరుణ మరల మరల అనుసరింపదగిన సంప్రదాయం కాలేదు.

అయినా ఈ గ్రంథాలలో ఒక లోటు ఉన్నది. రత్నావళి హంతకుని గురించి, ఖైదీని గురించి, రాజు పుణ్యాన్ని గురించి పలికింది. మహావగ్గం బ్రతికియున్నవారి భయాన్ని పట్టించుకొన్నది. చనిపోయినవారి పక్షాన పలికే గొంతు ఈ ఘట్టాలలో వినరాదు. తిరూర్ శిశువు ఆ మౌనంలోనే పడిపోయింది. ఆచారం దృష్టిలో ఆ బిడ్డ బయటివాని సంతానం. జోక్యం వద్దనే విధానం దృష్టిలో ఆ మరణం తెగ అంతరంగిక విషయం. ఇరువైపులా తమది కాదనబడిన ప్రాణమది.

శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, మిడిల్ పాయింట్ వద్ద భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రదర్శనశాల ఉన్నది. దీవుల ఆదిమజాతుల పనిముట్లు, ఆభరణాలు, నమూనాలు అక్కడ దర్శనమిస్తాయి. ప్రదర్శనశాల స్వభావరీత్యా ‘జాతి’ని చూపుతుంది, వ్యక్తిని చూపజాలదు. అది దాని దోషం కాదు. కాని రక్షణ విధానం కూడా ఆ చూపునే అరువు తెచ్చుకొంటే, 380 అన్న సంఖ్యను కాపాడుతూ అందులోని ఒక శిశువును చూడలేకపోతుంది. వారసత్వ పరిశోధకులు ఎరుకతో ఉండవలసిన ప్రమాదమిది. కరుణకు ఆలంబనం సత్త్వుడు, సముదాయం కాదు.

దర్యాప్తే ఒక జోక్యం కదా అన్న ఆక్షేపణ బలమైనది. దానికి 2018 నవంబరు నాటి మరొక ఉదంతంలో కొంత సమాధానం ఉన్నది. నిషిద్ధమైన ఉత్తర సెంటినెల్ దీవిలో ఒక అమెరికన్ యువకుడు హతుడైనప్పుడు పోలీసులు గుర్తు తెలియని వ్యక్తులపై హత్య కేసు నమోదు చేశారు. అతనిని పడవలో చేర్చిన జాలరుల కథనం, అతడు వ్రాసిన దినచర్య ఆధారంగా జరిగినదానిని గ్రహించారు. దూరం నుండి పడవలో దీవిని గమనించారు, తీరంపై అడుగు పెట్టలేదు. మృతదేహాన్ని తేలేదు, సెంటినెలీయులను ముట్టలేదు, సహకరించిన బయటివారిని అరెస్టు చేశారు. తెలియదగినంత తెలుసుకొని, ఆగవలసిన చోట ఆగారు.

ఈ ఆగడం కరుణా, అలసటా అన్నది నిర్ణయించడానికి ఒక ప్రాచీన కొలబద్ద ఉన్నది. ధౌలి ప్రత్యేక శాసనంలో అశోకుడు తోసలి నగర న్యాయాధికారులను హెచ్చరిస్తూ ఈర్ష్య, క్రోధం, క్రౌర్యం, తొందరపాటులతో పాటు సోమరితనాన్ని, అలసటను కూడా అన్యాయహేతువులుగా పేర్కొన్నాడు. క్రూరుడైన అధికారి, అలసిన అధికారి ఒకే పట్టికలో ఉన్నారు. ఫైలు మూసివేయడంలోని సౌకర్యాన్ని దయగా భ్రమించరాదని దీని సారాంశం.

బౌద్ధులకు హేతువులను వెదకడం ధర్మాధ్యయనమే. శిశువు మరణానికి హేతువు ఒక చేయి మాత్రమే కాదు. అరణ్యంలోకి వచ్చిన మద్యం, యువతిని చేరిన బయటివాడు, జరావా అభయారణ్యం నడుమ సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు కూడా ఆ హేతుపరంపరలోనివే. ఆ భాగాన్ని మూసివేయవలెనని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించినా రాకపోకలు ఆగలేదు. సంపూర్ణమైన దర్యాప్తు ఈ శృంఖలనంతా నమోదు చేయాలి. అప్పుడు అరణ్యవాసిని విడిచిపెట్టడం నిర్లక్ష్యం కాదు, ఎరుకతో చేసిన కరుణ అవుతుంది. హంతకునికి క్షమ దొరకవచ్చు. శిశువుకు దొరకగలిగినది, తనకు ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో దాచకుండా వ్రాసిన ఒక నమోదు మాత్రమే.