పైరు ఈనే రోజును నారుమడిలోనే తెలిపే జన్యు గుర్తులు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి గోదావరి డెల్టాలో వరిసాగుకు నీటి లెక్క ఎంత ముఖ్యమో, పైరు ఈనే కాలం లెక్క కూడా అంతే ముఖ్యమైంది. సార్వా (ఖరీఫ్) పైరు ఆలస్యంగా ఈనితే గింజ గట్టిపడి కోతకు వచ్చే వేళకు, 1996 నవంబరులో కోనసీమను కుదిపేసినటువంటి తుపానులు ఎదురవుతాయి. దాళ్వా (రబీ) ఆలస్యమైతే పూత వేళకు ఎండలు ముదిరి, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినప్పుడు ఫలదీకరణ దెబ్బతిని తాలుగింజలు పెరుగుతాయి. పూత నుంచి కోతకు మన వాతావరణంలో ఏ రకానికైనా సుమారు 30 రోజులే పడుతుంది కనుక, రకాల పంటకాలంలోని తేడా ప్రధానంగా అవి పూతకు తీసుకునే వ్యవధిలోనే ఉంటుంది.

1925లో ప్రారంభమైన మారుటేరు వరి పరిశోధనా కేంద్రం ఈ లెక్కను తరతరాలుగా పొలంలోనే తేల్చింది. వశిష్ఠ, మసూరి రకాల సంకరం నుంచి 1982లో వెలువడిన స్వర్ణ సుమారు 150 రోజుల పంట కాగా, 2000లో విడుదలైన కాటన్‌దొర సన్నాలు సుమారు 120 రోజులకే కోతకు వస్తుంది. తల్లిమొక్క పువ్వుల నుంచి పుప్పొడి తిత్తులను ముందే తీసివేసి, తండ్రిమొక్క పుప్పొడిని వాటిపై రాల్చి సంకరం చేస్తారు. రెండూ ఒకే వేళకు పూయాలి కనుక విత్తనాలను విడతలుగా చల్లుతారు. ఆపై ప్రతి వరుసలోనూ సగం మొక్కలు ఈనిన రోజును నమోదు చేసి, కావలసిన మొక్కలను ఎంచుకుంటారు. ఈ ఎంపిక నిక్కమైనదే కానీ, ప్రతి తరంలోనూ పైరు ఈనేదాకా ఆగవలసిందే.

ఈ నిరీక్షణను తగ్గించేదే జన్యు గుర్తు, అంటే కోరిన జన్యువుకు క్రోమోజోముపై అతి చేరువలో ఉండి, దానితో పాటే సంతతికి సంక్రమించే డి.ఎన్.ఎ. తేడా. వరి పగటి నిడివి తగ్గినప్పుడు పూతకు వచ్చే జాతి. ఆ నిడివిని గ్రహించే వ్యవస్థలో భాగమైన హెచ్.డి.1 అనే జన్యువును 2000లో గుర్తించారు. ఆకులో తయారై మొక్క కొనకు చేరి పూతను పురికొల్పే ప్రోటీను హెచ్.డి.3ఎ జన్యువు నుంచి వస్తుందని 2007లో తేలింది. 2008లో వెల్లడైన జి.హెచ్.డి.7 జన్యువు పొడుగు పగళ్లలో పూతను వెనక్కు నెడుతూనే వెన్నులో గింజల సంఖ్యను పెంచుతుంది కనుక, పంటకాలం కుదిస్తే దిగుబడి తగ్గే ప్రమాదం ఎందుకుందో దీనివల్ల బోధపడింది.

నారుమడిలోని లేత ఆకు ముక్క నుంచి డి.ఎన్.ఎ.ను వేరుచేసి, గుర్తు ఉన్న భాగాన్ని పి.సి.ఆర్. పద్ధతిలో కోట్ల ప్రతులుగా పెంచి పరిశీలిస్తే, ఆ మొక్కకు తల్లిదండ్రులలో ఎవరి నుంచి ఏ రూపం వచ్చిందో నాట్లకు ముందే తెలుస్తుంది. గుర్తుకూ జన్యువుకూ మధ్య క్రోమోజోము తెగి పునఃసంయోగం జరిగితే ఫలితం తప్పవచ్చు కనుక, జన్యువుకు ఇరువైపులా రెండు గుర్తులను చూడటం మేలు. ఈ విద్య మన రకాలకు కొత్త కాదు: మారుటేరులో పుట్టిన స్వర్ణలోకి ముంపును తట్టుకునే సబ్1 జన్యువును గుర్తుల సాయంతోనే చేర్చగా, స్వర్ణ-సబ్1 2009లో భారతదేశంలో విడుదలైంది.

పశుగ్రాసపు గడ్డిజాతులలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. గడ్డి పూతకు వస్తే కాండం బిరుసెక్కి పోషక విలువ తగ్గుతుంది కనుక, శీతల దేశాల రైగ్రాసును పెంచేవారు ఆలస్యంగా పూసే మొక్కలను వెదుకుతారు. ఆ గడ్డి పొడుగు పగళ్లలో పూసేదైనా, అందులోని పూత జన్యువులు వరి జన్యువులకు దాయాదులే. అందుచేత వరిలో దొరికిన జ్ఞానం అక్కడా ఉపకరిస్తుంది.

అయితే పూత ఒకటి రెండు జన్యువుల పని కాదు. స్వల్ప ప్రభావం గల అనేక జన్యువుల మొత్తాన్ని పట్టుకోవాలంటే, ముందుగా పొలంలో పూత తేదీ నమోదైన మొక్కల సమూహంలో వేల గుర్తులను పరీక్షించి, వాటి లెక్కతో కొత్త మొక్కల పూతను అంచనా వేయాలి. ఊడ్పు ఆలస్యం, ఉష్ణోగ్రత ఈ అంచనాను మారుస్తాయి కనుక, డెల్టా కోసం చేసే అంచనాకు డెల్టా పొలాలలో నమోదైన తేదీలే ఆధారం కావాలి. అందువల్ల గుర్తులు పూత తేదీలు నమోదు చేసే పొలం పుస్తకానికి ప్రత్యామ్నాయం కావు. దాని విలువను పెంచేవి. మన కేంద్రాలలో దశాబ్దాలుగా పోగైన పూత నమోదులను భద్రపరచి, వాటిని జన్యు పరీక్షలతో జతచేయడం డెల్టా రైతుకు ప్రభుత్వాలు తప్పక చేయవలసిన మేలు.