'నేసేవాడు': ఫ్రెంచి అసంపూర్ణభూతముతో నొక పోలిక

ఫ్రెంచి వ్యాకరణములలో 'ఎంపార్ఫే' యను కాలమొకటి కలదు. తెలుగున దానిని అసంపూర్ణభూతమనవచ్చును. జరిగి ముగిసిన పనిని గాక, గతమున జరుగుచుండిన పనిని, మరల మరల జరిగిన పనిని, నాటి స్థితిగతులను చెప్పుటకు ఆ భాషవారు దీనిని వాడుదురు. దీని నిర్మాణము మిక్కిలి సులభము. వర్తమానకాలమున 'మేము' అను కర్తకు వచ్చు రూపమును గ్రహించి, దాని తుది ప్రత్యయమును తొలగించి, మిగిలిన ప్రకృతికి అసంపూర్ణభూత ప్రత్యయములను చేర్చవలెను. 'తిస్సే' యనగా నేయుట. 'ను తిస్సోఁ' యనగా మేము నేయుదుము. ఇందు తుది 'ఓఁ' తొలగింపగా మిగిలిన 'తిస్స్' ప్రకృతి. నేను, నీవు, అతడు, వారు అను నలుగురు కర్తలకును ప్రత్యయము వ్రాతలో కొంత భేదించినను చెవికి ఒక్కటే: 'తిస్సె'. మేము అన్నప్పుడు 'తిస్సియోఁ', మీరు అన్నప్పుడు 'తిస్సియే'. వేలకొలది క్రియలు గల భాషలో ఈ సూత్రమునకు లొంగనిది 'ఉండు' అను నర్థము గల 'ఎత్ర్' ఒక్కటియే. దానికి మాత్రము 'ఎత్' అను వేరు ప్రకృతి వచ్చును.

షోలాపురమున దాజీ పేట్ నేతపనివారి వీధులలో మసలు తెలుగువారికి ఈ ఫ్రెంచి ప్రసంగమేల యని యడుగవచ్చును. తెలుగుదేశమున ఫ్రెంచివారి పాలన సాగినది 1954 వరకు ఒక్క యానాములోనే కదా! అయినను ఈ పోలిక వలన నొక ప్రయోజనము కలదు. ఫ్రెంచివారు తమ వ్యాకరణమున పేరుపెట్టి, ప్రకరణము కేటాయించి, బాలురచే వల్లింపజేయు కాలమును మన పెద్దలు నిత్యము ఇంట పలుకుచునే యున్నారు. దానికి మన బడి వ్యాకరణములలో తగిన పేరు లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) భూత, భవిష్యత్, వర్తమానములకు తోడు తద్ధర్మమను నాలుగవ కాలమును చెప్పినది. తద్ధర్మము స్వభావమును తెలుపును గాని గతించిన యలవాటును ప్రత్యేకించి తెలుపదు. 'మా తాత మగ్గము నేసేవాడు' అను వాక్యము అందే గడిలో ఇముడును? మహారాష్ట్రమున చదువుకొన్న తెలుగు బాలునకు ఈ లోటు మరింత స్పష్టముగ తోచును. 'విణత హోతా' యన్నది అపూర్ణ భూతకాళమనియు, 'విణత అసే' యన్నది రీతి భూతకాళమనియు వానికి బడిలోనే చెప్పుదురు. తల్లిభాష వంతు వచ్చుసరికి పేరు దొరకదు. వ్యాకరణమున పేరు లేని రూపము వ్రాతలోనికి వచ్చుటకు జంకును. అసలు నష్టము అక్కడ ఆరంభమగుచున్నది.

ఇక ఆ రూపమును పరీక్షింతము. ఫ్రెంచి 'తిస్సె' సంపూర్ణముగ క్రియ. తెలుగు 'నేసేవాడు' అట్టిది కాదు. 'నేసే' యను విశేషణమునకు 'వాడు' అను సర్వనామము చేరగా నేర్పడిన మాట యిది. కనుకనే 'మగ్గము నేసేవాడు వచ్చినాడు' అన్నప్పుడు అది మనిషిని తెలుపును. 'అతడు మగ్గము నేసేవాడు' అన్నప్పుడు గతించిన యలవాటును తెలుపును. వృత్తి పేరును, గతకాలమును ఒక్క మాటలో నిమిడియున్నవి. ఇది కేవలము ఊహ కాదనుటకు వ్యతిరేకరూపమే సాక్ష్యము. 'నేసినాడు' అనుదానికి వ్యతిరేకము 'నేయలేదు'. 'నేసేవాడు' అనుదానికో, 'నేసేవాడు కాదు'. 'అతడు సాలె కాదు' అను వాక్యములోని 'కాదు' యే ఇక్కడను వచ్చినది. అనగా క్రియను నిషేధించు మాట గాక, నామమును నిషేధించు మాట వచ్చినదన్నమాట. ఆ యలవాటును తెలుగు పనిగా గాక మనిషి గుణముగా చెప్పుచున్నది.

సర్వనామము కలియుట వలన స్త్రీపురుష భేదమును వచ్చినది. ఫ్రెంచి 'తిస్సె' నేసినవాడు పురుషుడో స్త్రీయో చెప్పదు, తెలుగు చెప్పును. అవ్వ 'కండెలు చుట్టేది'. షోలాపుర పద్మశాలి స్త్రీలు పెక్కుమంది బీడీల పనిలో ప్రవేశించినను క్రియ మారలేదు. కండెలు చుట్టిన చేతులే బీడీలు చుట్టినవి. 'ఆమె చుట్టేది' అని మాత్రమే వ్రాసిన యెడల ఏది చుట్టినదో, ఏ కాలమున చుట్టినదో ఎరుగుట కష్టము. ఇట్టి చోట్ల కర్మపదమును విడువరాదు.

ఈ పేటలలోని కుటుంబములు పెక్కు తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చినవే. వారి నోట ఈ రూపము 'నేసెటోడు', 'చుట్టెటిది', 'నేసెటోళ్ళు' అని పలుకును. పుస్తకముల తెలుగు చదివినవారు దీనిని మోటుమాటగా నెంచుట కద్దు. అది తొందరపాటు. గ్రంథములందలి 'నేసెడివాడు' అను రూపము ప్రక్కన రెంటిని నిలిపి చూచినచో, నేటి పత్రికలలోని 'నేసేవాడు' కంటె పేటలోని 'నేసెటోడు' పాతదానికి చేరువగా కనబడును. అట్లే 'నేస్తుండె' అను మాట మరాఠీ 'విణత హోతా'కు అనుకరణమని కొందరందురు. 'నేయుచుండెను' అను రూపము మన ప్రాచీన వచనమున నుండగా, దానికై మరాఠీని ఆశ్రయింపవలసిన పని లేదు. షోలాపుర తెలుగులో మరాఠీ మాటలు చాల కలవు, నిజమే. కాని ప్రతి మాటను పొరుగింటి అప్పుగా లెక్కవేయుట న్యాయము కాదు.

ఫ్రెంచి అసంపూర్ణభూతము రెండు పనులు చేయునంటిమి. అలవాటును, నడుచుచుండిన పనిని ఒకే రూపమున చెప్పును. తెలుగు వీనిని విడదీసినది. 'నేను పోవుసరికి అతడు నేస్తున్నాడు' అని తెలుగువాడు సహజముగ పలుకును. పని గతములోనిదైనను క్రియ వర్తమానరూపమున నున్నది. మొదటి భాగమున కాలము తెలిసినది గనుక రెండవ భాగమున దానిని మరల చెప్పుట అనవసరమని భాష తలచినట్లున్నది. ఫ్రెంచివానికి ఈ సౌకర్యము లేదు. ఆ చోట 'తిస్సె' యనియే చెప్పితీరవలెను.

సాహిత్యమున ఈ భేదము ఎంత పనిచేయునో ఫ్రెంచివారు బాగుగ గుర్తించినారు. ఫ్లోబేరు నవలలలో అసంపూర్ణభూతము వాడబడిన తీరునుగూర్చి మార్సెల్ ప్రూస్తు 1920లో ప్రత్యేకముగ నొక వ్యాసమున చర్చించెను. ఒక్క కాలప్రత్యయము రచయిత లోకదృష్టినే మార్చగలదని అతడు వాదించెను. మన సంఘముల సంచికలలో పూర్వుల జీవితములను వ్రాయువారు ఈ సంగతి గమనింపదగును. ఆ వ్యాసములలో తరచు కనబడు తీరు ఇట్లుండును: తాతగారు తెల్లవారుజామున లేచినారు, పడుగు సరిచేసినారు, అవ్వ కండెలు చుట్టినది. చదువరికిది ఒకనాటి ఉదయపు ముచ్చటగా తోచును. లేచేవారు, సరిచేసేవారు, చుట్టేది అని వ్రాసిన యెడల నలువది యేండ్ల జీవితము కన్నుల ముందు నిలుచును. అటుపిమ్మట 'ఒకనాడు మగ్గము అమ్మివేసినారు' అను వాక్యము వచ్చినచో, సాగివచ్చిన పడుగు ఒక్కసారి తెగినట్లగును. మొదటినుండి అన్నియు 'ఇనారు' అను రూపములే యైనచో ఆ తెగుట చదువరికి తెలియనే తెలియదు. చేతిమగ్గములు పోయి మరమగ్గములు వచ్చిన పేటలో ఇది అల్పవిషయము కాదు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురపు దుప్పటికి దస్తావేజులు కలవు. దానిని నేసేవారి నిత్యజీవితమునకు ఈ మాటలే దస్తావేజులు.

ఫ్రెంచి కథలు ఇంగ్లీషు మార్గమున తెలుగునకు వచ్చునప్పుడును ఇట్టి నష్టమే సంభవించును. ఇంగ్లీషు సామాన్యభూతము ఒకనాటి పనికిని, అలవాటుకును చెల్లును. అనువాదకుడు దానిని చూచి 'నేసెను' అని వ్రాసి ముందుకు సాగును.

రెండు భాషలు కలియు చోటు ఒకటి మిగిలియున్నది. ఫ్రెంచిలో జరుగని పనిని ఊహించి చెప్పునప్పుడు 'అయినచో' అను భాగమున అసంపూర్ణభూతము వచ్చును. ఫలితమును చెప్పు భాగమున భవిష్యత్ ప్రకృతికి అసంపూర్ణభూత ప్రత్యయములే చేరును; 'తిస్స్‌రె' యన్నది అట్టి రూపము. తెలుగున 'నూలు దొరికియుంటే నేసేవాడు' అందుము. నిజముగ నేసిన నేతకును, నూలు లేక నేయలేకపోయిన నేతకును మాట ఒక్కటే. నాటి నూలు కరవులనుగూర్చి, మిల్లుల మూసివేతలనుగూర్చి పెద్దలు చెప్పునప్పుడు ఈ రెండర్థములును ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. ఎదుట కూర్చుండి వినువానికి గొంతును బట్టి తెలియును. కాగితము మీద ఆ గొంతు ఉండదు గనుక, వారి మాటలను వ్రాసికొనువారు 'దొరికియుంటే' యను భాగమును క్లుప్తత కొరకు కొట్టివేసిరేని, ఎన్నడును మగ్గమెక్కని చీర నేసినదిగా లెక్కకెక్కును.