ఖాళీ ఇత్తడికి మళ్లీ ప్రాణం

తూటా పేలితే మందు కాలిపోతుంది, గుండు ఎగిరిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం చేతిలోనే మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వాటా దానిదే. దాన్ని పారెయ్యడానికి మనసొప్పని వాళ్లే అమెరికాలో దాన్ని మళ్లీ నింపుకునే విద్యను నిలబెట్టారు. 19వ శతాబ్దంలో బైసన్ వేటగాళ్లు మైదానాల్లో, డేరాల దగ్గరే తూటాలు నింపుకునేవాళ్లు. 1958లో రిచర్డ్ లీ తన ఇంటి వర్క్‌షాపులో తయారుచేసిన ‘లీ లోడర్’ అరచేతిలో ఇమిడే సరంజామా. నొక్కే యంత్రం (ప్రెస్) అక్కర్లేదు, చిన్న సుత్తి ఉంటే చాలు.

సొంత వాడకానికి నింపుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అందుకే ఇది అక్కడ ఉంటున్న మనవాళ్ల కోసం.

టెక్సాస్‌లో ఒక పెద్దాయన గరాజులో నేను ఈ పని నేర్చుకున్నాను. పాయింట్ 38 స్పెషల్ రివాల్వర్‌తో మొదలుపెట్టమన్నాడాయన. ఇప్పుడు నేనూ అదే చెబుతాను. 9 ఎంఎం పిస్టల్ గొట్టాలను గడ్డిలోకి విసిరేస్తుంది, వంగి ఏరుకోవాలి. రివాల్వర్ వాటిని తన దగ్గరే అట్టిపెడుతుంది. పైగా ఆ గొట్టం నిటారుగా ఉంటుంది కాబట్టి కార్బైడ్ డై అనే గట్టి అచ్చులో దూర్చేముందు నూనె రాయనక్కర్లేదు.

గొట్టాలను మొక్కజొన్న కండె పొడిలో దొర్లిస్తే మసి వదులుతుంది. డై ఒక్క నొక్కుతో గొట్టాన్ని పాత కొలతకు తెచ్చి, మందును అంటించి కాలిపోయిన ప్రైమర్‌ను బయటికి తోస్తుంది. కొత్త ప్రైమర్ ఎక్కించాలి, మూతి కాస్త విప్పాలి, మందు పొయ్యాలి, గుండు కూర్చోబెట్టి మూతి బిగించాలి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. చేతులు కడుక్కున్నాకే అన్నం ముద్ద ముట్టుకోవాలి.

పొదుపు ఎక్కడ చెయ్యాలన్నది అసలు సంగతి. ప్రెస్ సెకండ్‌హ్యాండ్‌ది కొనండి. బరువైన పోత ఇనుముది తరాలు నిలుస్తుంది. తక్కెడ, కొత్త లోడింగ్ పుస్తకం విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే మన కంసాలి గురిగింజ ఎత్తులో దాదాపు సగం. పుస్తకంలో రాసిన కనీస మోతాదుతోనే మొదలుపెట్టాలి. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి.

పాయింట్ 38 స్పెషల్ గొట్టం నల్లమందు కోసం పుట్టింది. ఇవాళ్టి పొగరాని మందు దాని అడుగునే ఉండిపోతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపొర్లదు. ఆ తూటా తుపాకీనే చీల్చగలదు. అసలు పొయ్యకపోతే గుండు తుపాకీ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా మళ్లీ పేలిస్తే అంతే ప్రమాదం.

అందుకే ఆ పెద్దాయన 50 గుంటల చెక్క దిమ్మె వాడేవాడు. మందు పోశాక, గుండ్లు పెట్టకముందు, దిమ్మె మీదికి టార్చి వంచి వరసగా ప్రతి గొట్టంలోకీ చూసేవాడు. ఆ కాసేపు రేడియో కట్టేసేవాడు, నన్నూ మాట్లాడనిచ్చేవాడు కాదు. ఒకసారి మూడో వరసలో ఒక దాంట్లో మందు రవ్వంత ఎత్తుగా అనిపించింది. ఆ ఒక్కటే కాదు, 50 గొట్టాల్లోని మందూ డబ్బాలోకి వంచేసి, తక్కెడను సున్నాకు సరిచేసి, మొదటి గొట్టం నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.